పిట్టలు లేచాకే

మా అత్తకి ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు పిట్ట. చిన్న కోడల్ని నేను.

వేళాకోళం కాదు, నిజంగా పిట్టే. పొడుగు ముక్కు ఉల్లంకి పిట్ట. ఎడమ కాలికి ఎవరో పచ్చ బిళ్ళ తొడిగారు, అందుకని వేల పిట్టల్లోనూ దాన్ని గుర్తుపట్టేవాళ్ళం. ఏటా చలి విరిగే రోజుల్లో గుంపుతో వచ్చి మా బురద మీద దిగేది. నెలా నెలన్నర మేసి, ఒళ్ళు చేసి, మళ్ళీ గుంపుతోనే ఉత్తరానికి వెళ్ళిపోయేది. నేను కాపురానికి రాకముందు నుంచీ వస్తోంది కాబట్టి వరసకి అదే పెద్దదని మా అత్త తీర్మానం.

"నా పెద్ద కోడల్ని చూసి నేర్చుకోవే. వేళకొస్తుంది, తన తిండి తను చూసుకుంటుంది, ఎదురు చెప్పదు" అనేది.

"మరి గిన్నెలు కూడా దాన్నే తోమమను" అనేదాన్ని.

ఆవిడ నోటికి జడవని మనిషి లేదు. నేను జడవకపోవడం ఆవిడకి నచ్చిందని నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఆవిడ ఏనాడూ ఒప్పుకోలేదు.

మాది గుల్లలు తీసే పని. సముద్రం వెనక్కి తీసినప్పుడు కనుచూపు మేర బురద బయటపడేది. నడిస్తే తొడల దాకా దిగబడతాం. అందుకని సన్నటి పొడుగు బల్ల మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో వెనక్కి తన్నుకుంటూ జారిపోవాలి. బల్లకి ముందు గంప కట్టి ఉంటుంది. అంచు దాకా వెళ్ళి నడుం వంచితే మళ్ళీ ఎత్తేది గంప నిండాకే. ఈ పనిలో గండం ఒకటే. పోటు వచ్చేటప్పుడు నీళ్ళు మన ముందు నుంచి రావు. ముందు మన వెనకాల ఉన్న కాలవల్లోకి పాకి, తిరిగొచ్చే దారి మూసి, ఆ తర్వాత తీరిగ్గా మన దగ్గరికొస్తాయి. వంగి ఉన్న మనిషికి అది కనబడదు.

కాబట్టి మా వాళ్ళు పిట్టల్ని నమ్ముకున్నారు. అవి నీటి అంచునే మేస్తాయి. పోటు తగలగానే అన్నీ ఒక్కసారి లేచి మా తలల మీదుగా ఒడ్డుకి వచ్చేస్తాయి. పెద్ద చాప దులిపినట్టు రెక్కల చప్పుడు వినబడుతుంది. వినబడిందా, గంప సగమే ఉన్నా బల్ల తిప్పాలి. వినబడలేదా, తల ఎత్తే పనే లేదు. పిట్టలు లేని వానాకాలంలో మా ఆడవాళ్ళు మొదటి కాలవ దాటేవాళ్ళు కాదు. నాకు బల్ల తొక్కడం నేర్పిన రోజున మా అత్త చెప్పింది అదే.

"నీళ్ళకేసి చూడకు, అవి మాయ చేస్తాయి. పిట్టలు లేచాకే నువ్వు లేవాలి."

నేను చెప్పబోయే ఏడుకి ముందటి ఏడు సముద్రానికి అడ్డంగా కట్ట వేశారు. లోపలి బురద ఎండబెట్టి నేల చేస్తారట, ఆ నేల మీద ఏవేవో వస్తాయట. కట్ట మూసిన రోజు నుంచి మాకు ఆటూ లేదు, పోటూ లేదు. మధ్యలో ఇనప గేట్లు పెట్టారు. కట్ట ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి ఎత్తమన్నప్పుడే సముద్రం లోపలికి రావాలి. ఆ గేట్లు ఎత్తే పని మా ఆయనకి దొరికింది.

ఆయన పనిలో చేరిన రోజున మా అత్త పొయ్యి మీద రెండో కుండ పెట్టింది.

"ఆ గేటు కూడు నా గొంతు దిగదు. నా కూడు నేను తవ్వుకుంటా" అంది. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రెండు కుండలు. కొడుకుతో మాట్లాడటం కూడా మానేసింది. చెప్పాల్సిందేదో నాకు చెప్పేది, ఆయన చేతికందేంత దూరంలో కూర్చుని ఉన్నా సరే. మధ్యలో నేను పోస్టు మోసినట్టు మోసేదాన్ని. ఒళ్ళు మండేది నాకు. కొడుకు పని చేయకపోతే ఇంటికి పైకప్పు ఉండదని ఆవిడకి తెలుసు. తల్లి కడుపుమంట ఎందుకో ఆయనకీ తెలుసు. తెలిసీ ఇద్దరూ నన్ను మధ్యన పెట్టుకుని పంతం పట్టారు.

పిట్టలు దిగిన రోజున ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ అన్నాడు. "అమ్మా, బురదంతా ఎండి నెర్రెలు పడింది. గుల్లలు నోళ్ళు తెరుచుకుని చచ్చాయి. కంపు ఇక్కడి దాకా కొడుతోంది. ఇంకా ఎందుకు వెళ్తావు?"

ఆవిడ నా వైపు తిరిగింది. "గేటు దగ్గర పల్లపు కాలవలో ఇంకా తడి ఉంది, అక్కడ గుల్లలు బతికే ఉన్నాయి అని మీ ఆయనకి చెప్పు."

"విన్నాడులే అత్తా" అన్నాను.

"అది గేటుకి ఎదురు కాలవ. నేను గేటు ఎత్తితే మొదట నిండేది అదే" అన్నాడు ఆయన.

"ఎత్తే ముందు రోజు ఇంట్లో చెప్పొచ్చు కదా అని అడుగు."

"చెప్తాను. కానీ ఎన్నాళ్ళు పోతావమ్మా ఇలా?"

ఆవిడ తన కుండలోంచి గుల్లలు ఒక్కొక్కటే తీసి, పెంకు విప్పి, కండ పక్కన పెడుతూ ఉంది. తర్వాత నాతోనే చెప్పింది. "పిట్టలొచ్చాయి. అవి ఉన్నన్నాళ్ళూ పోతా. అవి వెళ్ళిపోయాక బల్ల అటక మీద పెట్టేస్తా. అప్పటి నుంచి మీ కుండలోదే నాకూ ఇంత పడెయ్యండి."

మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. ఆవిడ అంత దిగొచ్చిందంటే నాకూ నమ్మకం కలగలేదు. నెలన్నర ఓపిక పడితే చాలు, ఇంట్లో ఒకే కుండ ఉంటుందని సంబరపడ్డాను.

గేటు ఎత్తేటప్పుడు మోగడానికి సైరన్ పెడతామని ఆఫీసు వాళ్ళు ముందే స్తంభం పాతి వెళ్ళారు. ఆ స్తంభం మీదికి కాకి తప్ప మరేదీ రాలేదు. "సైరన్ దాకా ఎందుకు, మా అమ్మకి పిట్టలున్నాయి" అని మా ఆయనే నవ్వేవాడు. అందులో తప్పేం లేదు. మొదట్లో గేటు ఎత్తిన రెండు మూడు సార్లూ పిట్టలు ఎప్పటిలాగే లేచాయి, మేమూ ఎప్పటిలాగే బల్లలు తిప్పుకుని ఒడ్డెక్కాం.

ఆ తర్వాత పిట్టలు మారాయి.

మొదట కనిపెట్టింది మా పిన్ని. పిన్ని అంటే మా అత్త చెల్లెలు, మాతోపాటే బురదలోకి వచ్చేది, ఊపిరి తీసుకోవడానికి తప్ప నోరు మూసేది కాదు. "అక్కా, ఇవేంటి పెంపుడు కోళ్ళలా కాళ్ళ దగ్గర తిరుగుతున్నాయి" అంది. నిజమే. మనిషి అలికిడికే ఆమడ దూరం పోయే పిట్టలు మా బల్లల పక్కనే నిలబడి ఉన్నాయి. తడి మిగిలింది ఆ పల్లంలోనే కాబట్టి అవీ అక్కడికే చేరాయి. ముక్కు బురదలో గుచ్చడం, తీయడం, మళ్ళీ గుచ్చడం. ఏమీ దొరక్కపోయినా గుచ్చుతూనే ఉండేవి. రొమ్ము ఎముక ఈకల్లోంచి కత్తి అంచులా కనబడేది. పచ్చ బిళ్ళది కూడా వచ్చింది. మా అత్త దాన్ని చూసి, "ఏమే పెద్దదానా, పుట్టింటి వాళ్ళు తిండి పెట్టలేదా" అని అడిగింది. గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

ఏటా దుర్భిణి భుజాన వేసుకుని వచ్చే పక్షుల సారు ఆ ఏడూ వచ్చాడు. ఒడ్డున ముక్కాలిపీట మీద కూర్చుని రోజంతా చూసి, మేం ఎక్కి వస్తుంటే లేచి నిలబడ్డాడు. ఆయనకి మా అత్త అంటే మర్యాద, ఆవిడకి ఆయనంటే ముచ్చట.

"ఈసారి ఇవి బాలేవండీ" అన్నాడు.

"బాలేవని కనబడుతూనే ఉంది. ఎందుకు బాలేవో చెప్పు" అంది మా అత్త.

"ఇవి దక్షిణం నుంచి మధ్యలో ఎక్కడా దిగకుండా వస్తాయండీ. రోజుల తరబడి ఎగురుతూనే ఉంటాయి. బరువు తగ్గాలని బయల్దేరే ముందే వాటి పొట్టా పేగులూ చిన్నవైపోతాయి. దారిలో ఒంట్లో కొవ్వంతా కరిగిపోతుంది, కండ కూడా కరుగుతుంది. ఇక్కడ దిగేసరికి బయల్దేరినప్పుడున్న పిట్టలో సగమే మిగులుతుంది. ఇక్కడి గుల్లలు తిని ఆ సగాన్ని మళ్ళీ నింపుకుని ఉత్తరానికి పోతాయి, అక్కడ గుడ్లు పెడతాయి."

"పుట్టింటికి పోయే దారిలో పూటకూళ్ళ ఇల్లన్నమాట మాది."

"అంతేనండీ."

"ఇప్పుడు ఆ ఇల్లు మూసేశారు. పక్క వీధిలో ఇంకో ఇల్లు చూసుకోవచ్చుగా?"

"ఎక్కడికి పోవాలన్నా ఎగరాలి కదండీ. ఎగరాలంటే తినాలి." సారు దుర్భిణికి మూత పెట్టాడు. "మనుషులకి భయపడటం కూడా మానేశాయి చూశారా. భయపడి లేవడానికి కూడా ఓపిక కావాలి."

ఆ మాట మా అత్త వింది. నేనూ విన్నాను. ఆవిడకి పిట్టల మీద జాలి కలిగింది, నాకు భోజనం వేళ దాటిపోతోందని తొందర కలిగింది. అంతకు మించి ఆ మాటలో ఏముందో మా ఇద్దరికీ తట్టలేదు.

మర్నాటి నుంచి ఆవిడ తీసిన గుల్లల్లో కొన్ని బల్ల అంచుకేసి కొట్టి, కండ తీసి పిట్టల ముందు విసరడం మొదలుపెట్టింది. మొదట కాసిని. తర్వాత సగానికి సగం.

"నీకే లేదు, వాటికి పంచుతావేంటి అక్కా" అంది పిన్ని.

"అవి తిని బలిసి పోతే గానీ నేను ఇంట్లో కూర్చోను కదే. కొడుక్కి మాటిచ్చా" అంది. నవ్వుతూనే అంది. కానీ పిట్టలు వెళ్ళే రోజులు వచ్చాయి, దాటిపోయాయి. అవి వెళ్ళలేదు. ఎండ ముదిరింది. వెనకటి ఏళ్ళలో ఆ పాటికి బురద ఖాళీగా ఉండేది. ఇప్పుడు పొద్దున్నే వెళ్తే కొన్ని పిట్టలు రెక్కలు పరుచుకుని పడి ఉండేవి. మిగిలినవి వాటి పక్కనే నిలబడి బురదలో ముక్కు గుచ్చుతూ ఉండేవి.

ఒక సాయంత్రం మా ఆయన పని నుంచి తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళి, కింద కూర్చున్నాడు. ఆవిడ పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి గుల్లల్ని ఇసక కక్కడానికి నానబెడుతోంది.

"అవి ఇంక వెళ్ళవమ్మా. నీ మాట నీకు చెల్లింది. మానెయ్" అన్నాడు.

ఆవిడ వెంటనే నన్ను పిలవలేదు. ఎన్ని నెలలకో కొడుకు మొహంలోకి చూసింది. "వెళ్తాయిరా. ఇవాళ పెద్దది రెక్కలు విదిలించింది. ఇంకో నాలుగు రోజులు మేపితే లేస్తుంది" అంది. తర్వాత తన కుండలోంచి ఉడికిన గుల్లలు కొన్ని తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా అక్కడే కూర్చుని తిన్నాడు. నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. అటు తిరిగితే నా కళ్ళు చూసి ఇద్దరూ సర్దుకుంటారని భయం వేసింది.

మర్నాడు గేటు ఎత్తే రోజు కాదు. ఆయన ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముగ్గురం పల్లపు కాలవ దాటి అవతలి అంచు తడిలో దిగాం. ఎండ ఎక్కేసరికి నా గంపా పిన్ని గంపా నిండాయి. మా అత్తది నిండలేదు, నిండదు కూడా, సగం పిట్టలకే పోయింది. "మీరు ఒడ్డున పోసి రండి, ఈలోగా నాదీ అవుతుంది" అంది. పచ్చ బిళ్ళ పిట్ట ఆవిడ బల్ల పక్కనే నిలబడి ఉంది. "మీ తోటికోడలికి కాస్త పెట్టి వస్తా" అని కూడా అంది.

నేనూ పిన్నీ ఒడ్డెక్కి గంపలు దించుకున్నాం. నడుం పట్టుకుని వెనక్కి తిరిగాను. బురద మీద పిట్టలన్నీ నిలబడే ఉన్నాయి. కానీ కాళ్ళు కనబడలేదు. ఎండ మెరుపేమో అనుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే వాటి కాళ్ళ చుట్టూ నీళ్ళు. మాకూ మా అత్తకీ మధ్యన ఉన్న కాలవ అప్పటికే నిండి అంచులు దాటుతోంది.

నేను అరిచాను. పిన్నీ అరిచింది. గాలి సముద్రం వైపు నుంచి మా మొహాల మీదికి కొడుతోంది. మళ్ళీ మళ్ళీ అరిచాం.

మా అత్త తల ఎత్తి మా వైపు చూసింది. తర్వాత పక్కకి తిరిగి పిట్టల్ని చూసింది. అవి నిలబడే ఉన్నాయి. ఆవిడ మాకేసి చెయ్యి ఊపి, మళ్ళీ నడుం వంచింది.

పిన్నిని ఒడ్డున వదిలి నేను కట్ట మీద గేటు గది వైపు పరిగెత్తాను. దారిలో ఏం అనుకున్నానో నాకు గుర్తులేదు. తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి ఆయన కుర్చీలో కూర్చుని టేబుల్ తుడుస్తున్నాడు.

"గేటు దించు" అన్నాను.

ఆయన ఎవరని అడగలేదు, ఎందుకని అడగలేదు. నా మొహం చూసి బటన్ నొక్కాడు. గేటు కిర్రుమంటూ దిగడం మొదలుపెట్టింది. అది ఎంత మెల్లగా దిగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. సగం దిగేసరికే ఆయన కట్ట దిగి నీళ్ళలోకి దూకేశాడు. గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. టేబుల్ మీద ఫోన్ మోగింది. గేటు ఎందుకు దించావని అవతలి గొంతు కసురుకుంది. నేను ఏం చెప్పానో వాళ్ళకి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది.

ముందు ఆవిడ బల్ల తేలింది, గంప కట్టు ఊడకుండా. మా అత్త సాయంత్రానికి దొరికింది.

ఎవరో పెద్దవాళ్ళు కట్ట చూడ్డానికి వస్తున్నారట. చచ్చిన గుల్లల కంపు కొట్టకూడదని, బురద మీద నీళ్ళు పరిచెయ్యమని ఆఫీసు నుంచి అప్పటికప్పుడు చెప్పారట. ఇదంతా తర్వాత తెలిసింది. పరామర్శకి వచ్చినవాళ్ళలో కొందరు, కన్నకొడుకే గేటు ఎత్తాడని మా చెవిన పడేలా అనుకున్నారు. వాళ్ళని నేను ఊరుకోలేదు. నా నోరు మా అత్త నోటికి తీసిపోదని ఆ రోజు అందరికీ తెలిసింది. పెద్దవాళ్ళు మాత్రం రాలేదు. వాళ్ళ ప్రయాణం వాయిదా పడిందట.

మూడో రోజున మా ఆయన గోడకి జారగిలబడి, నాకు కాదు, ఎదురుగోడకి చెప్తున్నట్టు చెప్పాడు.

"లోపల మనుషులున్నారని చెప్పాను. మెల్లగా ఎత్తు, వాళ్ళే వచ్చేస్తారు అన్నారు. ఎత్తే ముందు కిటికీలోంచి చూశాను. పిట్టల మధ్యన వంగి ఉన్న అమ్మ నా కంటికి ఆనలేదు. పిట్టలు కనబడ్డాయి. పిట్టలున్నాయి కదా, అమ్మకి తెలిసిపోతుందిలే అనుకున్నాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. అవే పిట్టల్ని చూసి ఆయన గేటు ఎత్తాడు, అవే పిట్టల్ని చూసి ఆవిడ నడుం వంచింది. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నమ్మినదాన్నే నమ్మారు.

పళ్ళెంలో మా అత్త నానబెట్టి వెళ్ళిన గుల్లలు ఇంకా బతికే ఉన్నాయి. నోళ్ళు కొంచెం తెరిచి ఇసక కక్కుతున్నాయి. వాటిని కుండలో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆయన పళ్ళెం అలాగే ఎత్తుకుని కట్ట దిగి వెళ్ళి, ఒక్కొక్కటే పగలగొట్టి పిట్టలకి వేసి వచ్చాడు. కొన్ని తిన్నాయట.

ఆ నెలలో ఒక రోజు కొన్ని పిట్టలు లేచి ఉత్తరానికి వెళ్ళాయి. గుంపు అనడానికి వీల్లేదు. మిగిలినవి బురద మీదే పోయాయి. పచ్చ బిళ్ళదాన్ని పక్షుల సారు గేటు పక్కన రాళ్ళ మధ్య చూసి నాకు చెప్పాడు. బిళ్ళ ఆయన తీసుకున్నాడు, ఎవరికో పంపాలట. పిట్టని నేను అడిగి తెచ్చుకుని పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. చేతిలో దూది ఉండంత బరువు కూడా లేదు. ఆ రోజు ఏడ్చినంత నేను మా అత్త పోయిన రోజున కూడా ఏడవలేదు.

ఇంట్లో ఇప్పుడు ఒకటే కుండ. ఆవిడ బల్ల అటక మీద ఉంది.

స్తంభం మీద సైరన్ కూడా పెట్టారు. మోగిందంటే ఇంట్లో గిన్నెలు అదురుతాయి. మా ఆయన ఆ ఉద్యోగమే చేస్తున్నాడు. వేరే పని దొరక్క కాదు. ఇంకొకరైతే చూసుకోరని అంటాడు. ఫోన్ వచ్చాక, సైరన్ మోగాక, బటన్ నొక్కే ముందు ఆయన గది బయటికి వచ్చి కట్ట చివర నిలబడతాడు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని బురదకేసి అరుస్తాడు. "లేవండి, లేవండి" అని. కొత్తలో ఆఫీసు కుర్రాళ్ళు నవ్వారు, తర్వాత మానేశారు. బురద మీద ఇప్పుడు మనుషులు లేరు, పిట్టలూ లేవు. ఎండిన బురద, దాని మీద తెల్లటి పెంకులు, అంతే.

నిన్న ఆయనకి అన్నం పట్టుకెళ్ళేసరికి సైరన్ మోగుతోంది. అది ఆగాక ఆయన అరవబోతే గొంతు జీరపోయి మాట పైకి రాలేదు. నేను గిన్నె కింద పెట్టి పక్కన నిలబడ్డాను. ఆ రోజు ఒడ్డు మీంచి ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా అరిచాను.

ఆయన బురదంతా ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, లోపలికి వెళ్ళి గేటు ఎత్తాడు.